గోదారికి సున్నా వేసిన సారు

సారంగపాణి సారు ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాడు. ఆ ముప్పై రెండేళ్ళలో గోదావరిని బోర్డు మీద ఎన్నిసార్లు గీశాడో ఆయనకే తెలియదు. నాసిక్ దగ్గర సుద్దముక్క ఆనించాడంటే మళ్ళీ బంగాళాఖాతంలోనే ఎత్తడం. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి దారిలో ఎక్కడివక్కడ వచ్చి కలిసిపోయేవి. మొహం పిల్లల వైపే ఉండేది. చెయ్యి మాత్రం వెనక్కి పోయి తన పని తాను చేసుకునేది. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్ద సారు అది చూసి, "మీకు వీపున కళ్ళున్నయా ఏంది" అన్నాడు. ఆ ఒక్క మాటను సారంగపాణి ఇరవై ఏళ్ళు దాచుకుని పెళ్ళిళ్ళలో, దినాల్లో, దవాఖానాలో చీటీ రాయించుకునే లైనులో కూడా చెప్పుకున్నాడు.

చెప్పుకోనిది ఒకటుంది. ఆ నది సముద్రంలో కలిసే చోటును ఆయన ఎన్నడూ చూడలేదు. కాళేశ్వరంలో చూశాడు, ఏటూరునాగారం దగ్గర చూశాడు, భద్రాచలంలో మూడు మునకలు వేశాడు. భద్రాచలం కింది నుంచి అంతా పుస్తకం మీద నమ్మకమే.

పోయిన ఎండాకాలం డోర్నకల్ పక్కన ఆయన పనిచేసిన హైస్కూలు పిల్లలు, పదో తరగతి అయిపోయిన ఇరవై అయిదేళ్ళకు, ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారు. పిల్లలంటే ఇప్పుడు బట్టతలలు, షుగరు మాత్రలు. ఫంక్షన్ హాల్లో ఒకరి వెనుక ఒకరు వచ్చి సారుకు శాలువాలు కప్పారు, కాళ్ళకు కొత్త చెప్పులు తొడిగారు. మే నెల ఎండలో ఏడో శాలువా మీద పడేసరికి ఆయనకు కొద్దిగా తల తిరిగింది. సరిగ్గా అప్పుడే మైకు చేతికిచ్చి, "సార్, మీకేం కోరిక ఉన్నదో చెప్పుండ్రి, మేం తీరుస్తం" అన్నారు.

తల తిరుగుతున్న మనిషికి మైకు ఇవ్వకూడదు. "గోదారి సముద్రంల కలిసేది మీకు ఇన్నేండ్లు గీసి చూపిచ్చిన గని, నేనెన్నడు చూళ్ళేదురా" అనేశాడు సారంగపాణి.

హాలంతా చప్పట్లు కొట్టింది. రాంచందర్ అనేవాడు వెనుక వరసలోంచి కేకేశాడు. "కారున్నది గదా, ఉల్టా తీస్కపోతడు సార్‌ను." అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విన మనిషి సారంగపాణి సారే.

ఉల్టా అంటే సదానందం. వరంగల్ స్టేషన్ దగ్గర సొంత టాక్సీ నడుపుకుంటాడు. ఆ పేరు పెట్టింది సారే. ఎనిమిదో తరగతి క్వార్టర్లీలో గోదావరి ప్రయాణాన్ని వర్ణించమని అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చాడు. సదానందం జవాబంతా బాగానే రాసి, చివర సొంతంగా ఒక ముక్క కలిపాడు. సముద్రం దగ్గరికి పోయిన తర్వాత గోదావరి కొంతసేపు ముందుకు పారును, కొంతసేపు వెనుకకు పారును. వాళ్ళ నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. లైను పని మీద ఆర్నెల్లు నరసాపురంలో ఉండి వచ్చి, కొడుక్కి చెప్పిన ముచ్చట అది. సారు ఎర్ర పెన్నుతో జవాబు మొత్తానికీ అడ్డగీత కొట్టి సున్నా చుట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పేపర్లు పంచేటప్పుడు ఆ వాక్యం క్లాసుకు చదివి వినిపించి, "వీని గోదారి ఉల్టా పారుతదట్రా" అన్నాడు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి వాడు ఉల్టా సదానందం అయ్యాడు. ఏడాది తిరిగేసరికి సదానందం రాలిపోయి ఉల్టా ఒక్కటే మిగిలింది. పెళ్ళినాడు బ్యాండు మేళం వాళ్ళు కూడా "ఉల్టా పెళ్ళి ఏ ఇంట్లనే" అని అడుక్కుంటూ వచ్చారు.

సమ్మేళనంలో భోజనాల దగ్గర సదానందం బిడ్డ దీప, తొమ్మిదో తరగతి పిల్ల, పళ్ళెం పట్టుకుని సారు ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, మా నాయినకు ఆ పేరు మీరే పెట్టిండ్రట గదా. స్కూలు బస్సుల నన్ను ఉల్టా దీప అంటాండ్రు."

"మీ నాయిన తప్పు రాసిండు బిడ్డా, అందుకని ఏదో సరదాకు…"

"తప్పని మీరు చూసిండ్రా సార్?"

సారంగపాణి నోట్లో డబుల్ కా మీఠా ఉంది. అది మింగడానికి చాలాసేపు పట్టింది. అందరి ముందూ మైకులో చూడలేదని చెప్పుకున్న మనిషి ఇప్పుడు చూశానని ఎలా అంటాడు? "చూసొచ్చి చెప్తా" అన్నాడు. "వెనుకకు పారితే అందరి ముంగట చెప్తరా?" అంది ఆ పిల్ల. "చెప్తా" అన్నాడు. పారదని ఆయనకు గట్టి నమ్మకం కాబట్టి ఆ మాట ఇవ్వడానికి ఏమీ కష్టం కాలేదు.

నవంబరులో ఒక శనివారం బయల్దేరారు. కారు సదానందానిది, తెల్లది, వెనుక అద్దం మీద దీప ట్రావెల్స్ అని రాసి ఉంటుంది. సారు ముందు సీటులో, ఒళ్ళో రోలర్ మ్యాపుతో కూర్చున్నాడు. రిటైరైన రోజున స్కూలువాళ్ళు ఇచ్చిన మ్యాపు అది, రాష్ట్రం రెండు కాకముందుది. వెనుక సీటులో ఆయన భార్య శోభారాణి, ఆమె పక్కన సకినాల డబ్బా, పులిహోర, చల్ల సీసా. ఫోనులో దారి చెప్పే అమ్మాయికీ సారుకూ ఖమ్మం దాటకముందే పడలేదు. "ఆ పిల్లకేం తెలుసు, ఎడమకు తిప్పు" అన్నాడు. సదానందం ఎడమకు తిప్పాడు. సార్ చెప్తే తిప్పాల్సిందే, ఎనిమిదో తరగతి నుంచీ అంతే. మూడు పామాయిల్ తోటలు చుట్టి, ఒక కోళ్ళఫారం గేటు దగ్గర రోడ్డు ఆగిపోయింది.

"మ్యాపుల ఉన్నది" అన్నాడు సారు.

"మ్యాపుల కోళ్ళఫారం ఉన్నదా?" అంది శోభారాణి.

సాయంత్రానికి నరసాపురం చేరి లాడ్జిలో పడుకున్నారు. ఆదివారం పొద్దున్నే లేచి, గోదావరి దాటడానికి పంటు ఎక్కారు. పంటు అంటే రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచినది. కార్లు, స్కూటర్లు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు అన్నీ దాని మీదే. నది ఆ ఒడ్డు కనపడీ కనపడనట్టు ఉంది. ఇంత వెడల్పును తాను బోర్డు మీద పుల్ల మందాన గీశానే అనుకుని సారంగపాణి కొంచెం సిగ్గుపడ్డాడు. అది ఎక్కువసేపు నిలవలేదు. నీళ్ళ మీద గుర్రపుడెక్క దుబ్బు ఒకటి కొట్టుకుపోతూ కనిపించింది.

"సదానందం, గది ఎటు పోతాంది?"

"కిందికే పోతాంది సార్."

"కిందికంటే?"

"సముద్రం దిక్కు సార్."

"వీడియో తియ్."

సదానందం ఫోను తీసి, తన మీద తానే సాక్ష్యం చెప్తున్నవాడిలా, ఆ దుబ్బు కనుమరుగయ్యేదాకా వీడియో తీశాడు. "దీపకు పంపు" అన్నాడు సారు. సదానందం ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సిగ్నల్ లేదు సార్" అన్నాడు. పక్కనే కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్న మనిషి ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు.

శోభారాణి భర్తను ఒక చూపు చూసింది. "గెలిచినవా? కడుపు నిండిందా?"

"సత్యం సత్యమే గద శోభా."

"నీ సత్యం జేసి ఆ పిల్ల బస్సుల ఎట్ల కూసోవాలె?"

సదానందం అడ్డుపడ్డాడు. "పోనియ్యమ్మా. మా నాయిన చూసిండో, ఎవరన్న చెప్తే విన్నడో. పోయేటప్పుడు గూడ అన్నడు, ఒక్కసారి చూసిరారా కొడుకా, పారుతదిరా అని. ఇరవై ఏండ్ల సంది కారు నడుపుతాన, తిరుపతి పోయిన, షిర్డీ పోయిన, గీడికి మాత్రం కిరాయి తగల్లే." అని నవ్వాడు. నవ్వుతున్నా కళ్ళు నది మీదే ఉన్నాయి, గుర్రపుడెక్క మళ్ళీ తిరిగి వస్తుందేమోనన్నట్టు.

అవతలి ఒడ్డున దిగి ఏటిగట్టు మీదుగా పోయారు. ఒక పక్క గోదారి, ఒక పక్క కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువులు. గట్టు అయిపోయే చోట నది మరీ వెడల్పయింది. కింద తడి ఇసుక చాప పరిచినట్టు గట్టిగా ఉంది. అక్కడి నుంచి నది కలిసే చోటికి నడిచి పోవాలి. శోభారాణికి మోకాళ్ళ నొప్పి, గట్టు వాలు దిగడం ఆమె వల్ల కాదు.

"బండి కిందికి దించు. ఇసుక సిమెంటు లెక్క ఉన్నది" అన్నాడు సారు.

సదానందం చెయ్యి గేరు మీదే ఆగింది. "నీళ్ళొస్తయేమో సార్. ఇసుక తడిగున్నది."

"ఎటు దిక్కు నుంచి వస్తయిరా? పొద్దుగాల్నుంచి చూస్తలేమా, పోతానే ఉన్నయి. పోయే నీళ్ళు పోతయి గని తిరిగొస్తయా?"

గట్టు మీద రొయ్యపొట్టు ఆరబోసుకుంటున్న ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "బాబుగారూ, కారు ఆడెట్టకండి. పోటొచ్చే వేళండి."

"మేం జర్ర సేపే ఉంటమమ్మా" అన్నాడు సారు. తర్వాత ఊరుకోకుండా, నదులు ఎత్తు నుంచి పల్లానికే పారుతాయని ఆమెకు రెండు నిమిషాలు వివరించాడు. ఆమె శ్రద్ధగా విని, "ఆయ్" అని, మళ్ళీ రొయ్యపొట్టు తిరగేసుకుంది. డెబ్భై ఏళ్ళు ఆ గట్టు మీదే బతికిన మనిషికి తాను నది గురించి పాఠం చెప్పిన సంగతి సారంగపాణికి ఇప్పుడు కూడా అన్నం తింటుంటే గుర్తొస్తుంది. అప్పుడు ముద్ద చేతిలోనే ఆగిపోతుంది.

సదానందం కారు దించాడు. సార్ చెప్పాడు మరి.

మెల్లగా నడుచుకుంటూ పోయారు. కిలోమీటరు పైనే ఉంటుంది. శోభారాణి రెండుసార్లు కూర్చుంది, సకినాలు తింది, మళ్ళీ లేచింది. చివరికి సరుగుడు చెట్లు దాటగానే గాలి ఒక్కసారి మొహం మీద కొట్టింది. ముందు ఇసుక ముక్క, దానికి అవతల రెండు నీళ్ళు. ఇటు బురద రంగుది, అటు నీలంది. మధ్యలో ఎవరో సుద్దముక్కతో గీసినట్టు తెల్లని నురుగు గీత.

సారంగపాణికి మాట రాలేదు. ఆయనకు మాట రాకపోవడం శోభారాణి పెళ్ళయ్యాక చూడటం ఇదే మొదటిసారి. "ఏమయ్యా, బాగనే ఉన్నవా" అని చెయ్యి పట్టుకు చూసింది.

"శోభా, నేను సుద్దముక్క ఎత్తేది గీడనే" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన మాట మళ్ళీ ఆగలేదు. ఒక పుల్ల తెచ్చి, ఇసుక మీద గోదారిని గీయడం మొదలుపెట్టాడు. పైన నాసిక్, కింద తన కాళ్ళ దగ్గర డెల్టా, సముద్రం, ఆ తర్వాత ఉపనదులు. శోభారాణికి, సదానందానికి, నాలుగు పీతలకు పాఠం నడుస్తోంది. ప్రాణహిత దగ్గరికి వచ్చేసరికి ఒక అల వచ్చి కింద డెల్టాను తుడిచేసింది. "జర ఆగు" అని సముద్రాన్ని కసిరి, డెల్టాను కొంచెం మీదికి జరిపి గీశాడు. ఇంద్రావతి దగ్గర ఇంకో అల వచ్చి రాజమండ్రిని తీసుకుపోయింది. మళ్ళీ మీదికి జరిపాడు. శబరి కలిసేసరికి భద్రాచలం మునిగింది.

"సార్, నీళ్ళు మీదికొస్తానయి" అన్నాడు సదానందం.

"అలలురా. అలలు రావా?"

"అలలు కాదు సార్. మనం వచ్చినప్పుడు పీతలున్న బొరియలు గాడ ఉండె. ఇప్పుడు కనపడుతలేవు." మెల్లగా అన్నాడు. "సార్, మీరు మాకు ఆటుపోట్లు చెప్పిండ్రు గద. చంద్రుడు గుంజితే సముద్రం పొంగుతదని."

"చెప్పిన. డిసెంబర్ల."

"సముద్రం పొంగితే ఆ నీళ్ళు యాడికి పోతయి సార్?"

సారంగపాణి పుల్ల పట్టుకుని నిలబడిపోయాడు. ఆగస్టులో నదులు. డిసెంబరులో సముద్రాలు. ఇయర్ ప్లాన్‌లో రెండింటికీ మధ్య దసరా సెలవులు, హాఫ్ ఇయర్లీ రివిజన్. ముప్పై రెండేళ్ళు ఆగస్టు పాఠం ఆగస్టులో చెప్పాడు, డిసెంబరు పాఠం డిసెంబరులో చెప్పాడు. ఒక దాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవాలని ఒక్కసారి తోచలేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు డిసెంబరు రాకముందే క్వార్టర్లీలోనే రెండూ కలిపి రాసేశాడు.

"బండి" అన్నాడు సారు.

సదానందం అప్పటికే పరుగెత్తుతున్నాడు.

సారు కూడా పరుగెత్తాడు. అరవై ఏడేళ్ళ మనిషి ఇసుకలో పరుగెత్తితే ఎలా ఉంటుందో శోభారాణి ఇప్పటికీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళకు చేసి చూపిస్తుంది. కారు దగ్గరికి పోయేసరికి సదానందం ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఇసుక చాప లేదు. కారు చుట్టూ నీళ్ళు, చక్రాలు సగం మునిగాయి. నీళ్ళు సముద్రం దిక్కు నుంచి వస్తున్నాయి, కారును దాటుకుంటూ, నిదానంగా, తొందరేమీ లేనట్టు, నరసాపురం వైపు పోతున్నాయి.

సదానందం తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాడు సారు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, ఇంజన్లకు రాలే ఇంక" అని, వెనుక నుంచి వచ్చిన శోభారాణికి ఫోను ఇచ్చాడు. "పట్టుకోమ్మా, తడుస్తది." ఆ కారే అతని పొయ్యి, దీప స్కూలు, ఇంటి కిరాయి. దాన్ని తీసుకొచ్చి గోదాట్లో పెట్టించిన మనిషి ఒడ్డున నిలబడి, ఎత్తు నుంచి పల్లానికి అని గొణుక్కుంటున్నాడు.

గట్టు మీది ముసలావిడ చూసి, వల లాగుకుంటున్న వాళ్ళను కేకేసింది. ఎనిమిది మంది వల తాడు పట్టుకుని వచ్చారు. ఒకాయన మునిగి తాడును కారు వెనుక కట్టాడు. సదానందం లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. "హైలెస్సా" అన్నారు వాళ్ళు. సారు పంట్లాము మోకాళ్ళ దాకా మడిచి, తాడు చివర పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీరు ఒదిలెయ్యండి. మీరు లాగేది మాకు బరువవుతందండి" అన్నాడు ముందున్న మనిషి.

అయినా వదల్లేదు. మూడో హైలెస్సాకు కారు కదిలింది. అయిదోదానికి ఒడ్డు వైపు జరిగింది. సరిగ్గా అప్పుడు బురద సారు ఎడమ కాలి చెప్పును పట్టుకుంది, సమ్మేళనంలో పిల్లలు తొడిగిన కొత్త చెప్పును. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఒక్క నిమిషం తర్వాత పైకి తేలి, చిన్న పడవలాగా ప్రయాణం కట్టింది. సారు తాడు వదిలేసి, అలవాటు కొద్దీ సముద్రం దిక్కు నాలుగడుగులు పరుగెత్తాడు. నదిలో కొట్టుకుపోయిన వస్తువు ఎటు పోతుంది మరి?

"అటు కాదయ్యా" అని ఒడ్డు మీది నుంచి శోభారాణి. "ఎనుకకు పోతాంది. ఎనుకకు చూడు."

సారు తిరిగాడు. చెప్పు రాజమండ్రి వైపు పోతోంది. నీళ్ళలో తపతపలాడుతూ దాని వెంటపడ్డాడు. నాలుగు చేతుల దూరంలో ఉండగా చెప్పు కొంచెం తొందరపడింది. అక్కడ నిలబడిపోయాడు, మోకాళ్ళ లోతులో, పంట్లాము ఒక కాలు మడిచి, ఒక కాలు జారి. గోదారి ఆయన కాళ్ళను సముద్రం వైపు నుంచి నెడుతోంది. చెయ్యి నీళ్ళలో పెట్టి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది.

కారు గట్టెక్కింది. వల వాళ్ళు నవ్వుకుంటూ పోయారు, పోతూ పోతూ "పాటు తీసి నీళ్ళు ఎనక్కి దిగేదాకా ఆగండి మాస్టారూ, సాయంత్రం మీ చెప్పు తిరిగొస్తాది" అన్నారు. ముసలావిడ చూపించిన కుళాయి దగ్గర సదానందం చక్రాలన్నీ మంచినీళ్ళతో కడిగి, తాళం తిప్పాడు. మొదటిసారి ఇంజను మూలిగింది. రెండోసారి అందుకుంది. సదానందం స్టీరింగు మీద తల ఆనించాడు.

అప్పుడు శోభారాణి ఫోను చూసి, "గిదేంది, ఎర్ర చుక్క మినుకుమినుకుమంటాంది" అంది. జేబు లేక చేతిలో గట్టిగా పట్టుకోవడంలో ఏదో నొక్కుకుని, ఫోను మొత్తం వీడియో తీసేసింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చూశారు. కొంతసేపు శోభారాణి బొటనవేలు. తర్వాత తాడు, కారు. తర్వాత ఒక చెప్పు, వెనక్కి పారుతున్న గోదారి మీద, అద్దంలా స్పష్టంగా. దాని వెంట పంట్లాము పట్టుకుని ఒక ముసలి మనిషి. వెనుక శోభారాణి గొంతు. ఎనుకకు పోతాంది, ఎనుకకు చూడు.

సదానందం ఆ వీడియోను మూడుసార్లు చూశాడు. సారు ఉన్నచోట చూడలేదు, నీళ్ళు ఉన్నచోటే చూశాడు. "మా నాయిన నిజమే చెప్పిండు" అన్నాడు, ఎవరితోనూ కాదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇది గ్రూపుల పెట్టను సార్. మీరు మంచిగ కనపడుతలేరు. దీపకొక్కదానికే చూపిస్త, దానికి చాలు" అన్నాడు.

చాలని సారంగపాణికి కూడా ఒక్క క్షణం అనిపించింది. బ్యాచ్ గ్రూపులో యాభై మూడు మంది ఉన్నారు. ఏడు శాలువాలు కప్పినవాళ్ళు. రోజూ పొద్దున్నే ఆయన పెట్టే శుభోదయానికి చేతులు జోడించేవాళ్ళు. వాళ్ళ ముందుకు ఈ పంట్లాముతో ఎలా పోవడం? కానీ పేరు పెట్టింది నలుగురిలో. దాన్ని చాటుగా తీసేస్తే అది పోదు. బస్సులో ఆ పిల్ల ఒక్కతే వీడియో చూసుకుంటే బస్సుకు ఏం తెలుస్తుంది?

"ఫోనియ్యిరా" అన్నాడు.

వాయిస్ మెసేజ్ పెట్టడానికి నొక్కి పట్టుకుని మొదలుపెట్టాడు. "పశ్చిమ కనుమలలో నాసిక్ దగ్గర పుట్టి…"

"నాసిక్ నుంచి మొదలువెట్టకు" అంది శోభారాణి.

రెండోసారి ఆటుపోట్లకు కారణాల దగ్గర ఆపించింది. మూడోసారికి ఆయనకే విసుగొచ్చి, ఉన్న మాట చెప్పేశాడు. "నేను సారంగపాణిని మాట్లాడుతాన. ఎనిమిదో తరగతి క్వార్టర్లీల సదానందం రాసింది కరెక్టు. నేను దిద్దింది తప్పు. చూడకుండ దిద్దిన. అయిదుకు అయిదు మార్కులు. పేరు పెట్టింది గూడ నేనే, తీసేస్తాన. ఇగ ఆయన్ను గని, ఆయన బిడ్డను గని ఎవలన్న ఆ పేరు పెట్టి పిలిస్తే, ఎంత పెద్ద ఆఫీసర్లయినా సరే, గోడ కుర్చీ ఏపిస్త. కింద వీడియో చూడుండ్రి. అండ్ల చెప్పు నాదే."

గ్రూపుకూ దీపకూ పంపించి, ఫోను సదానందానికి ఇచ్చేసి, తిరిగి పంటు ఎక్కేదాకా దాన్ని చూడలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక ఉత్త కాలితో పంటు మీద నిలబడ్డాడు. జనం చూసి జరిగి చోటిచ్చారు. దుబ్బులు ఇప్పుడు నరసాపురం మీదుగా పైకి పోతున్నాయి, ఎవరూ వాటిని వీడియో తీయడం లేదు.

ఫోను మోగుతూనే ఉంది. సదానందం చదివి వినిపించాడు. మొదటి మెసేజ్ రాంచందర్‌ది. సార్, మరి ఇగ ఆయన్నేమని పిలవాలె, అసలు పేరు యాదికొస్తలేదు.

"సదానందం అని అయిదుసార్లు రాసి పెట్టమను" అన్నాడు సారు.

రాంచందర్ మరిపెడలో ఎరువుల షాపు యజమాని. అయిదుసార్లు రాసి పెట్టాడు, నాలుగోసారి సదానదం అని తప్పు పోయింది. సారు ఆరోసారి కూడా రాయించాడు. ఇంకొకరెవరో, పేరు ఖాళీ అయ్యింది గద సార్, ఇప్పుడది ఎవలికియ్యాలె అని అడిగారు. సారంగపాణి తన ఎడమ కాలు చూసుకున్నాడు.

"నాకియ్యమను" అన్నాడు. "సైజు సరిపోతది."

"నలభై ఏండ్ల సంది నేనదే అంటాన" అంది శోభారాణి, ఆఖరి సకినం విరుస్తూ.

ఒడ్డు దగ్గర పడుతుండగా దీప ఫోను చేసింది. సదానందం స్పీకరులో పెట్టాడు. అవతల ఆ పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. తర్వాత అంది. "నాయినా, రేపు బస్సుల అందరికి చూపిస్త. తాత చూసింది నిజమేనట గదా." ఆ వెంటనే, "సార్ ఉన్నరా? సార్, మీ చెప్పు దొరికిందా?"

"దొరకలే బిడ్డా. అది మనూరి దిక్కే వస్తాంది. ఇట్లనే పోతే రేపటికి భద్రాచలం, ఎల్లుండి ఏటూరునాగారం. గాడ కాసుకొని ఉండుండ్రి."

సదానందం గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా సారు మాటకు ఎదురు చెప్పేముందు అతనికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. "అంతదూరం రాదు సార్. ధవళేశ్వరం కాడ ఆనకట్ట ఉన్నది. పోటు నీళ్ళు దాన్ని దాటయి. చెప్పు గాడనే ఆగుతది."

సారంగపాణి వాదించడానికి నోరు తెరిచాడు. ముప్పై రెండేళ్ళు బోర్డు మీద గీసిన ఆనకట్ట కళ్ళ ముందుకు వచ్చింది. ఎర్ర పెన్ను లేదు. వేలితోనే గాలిలో, పొడుగ్గా, ఒక రైటు కొట్టాడు.